తొట్టిలో ఒక లెక్క, వేరు దగ్గర ఇంకో లెక్క

పాలీహౌస్‌లో కొబ్బరి పొట్టు సంచుల్లో క్యాప్సికం వేసిన రైతుకి ఒకరోజు చిగుళ్లలో తేడా కనిపిస్తుంది. లేత ఆకుల ఈనెలు పచ్చగానే ఉంటాయి, ఈనెల మధ్య భాగం మాత్రం పసుపు రంగుకి తిరుగుతుంది. మందుల దుకాణానికి ఆకు పట్టుకెళ్తే, ఇనుప ధాతువు లోపమని చెప్పి సూక్ష్మపోషకాల ప్యాకెట్ ఒకటి చేతిలో పెడతారు. పిచికారీ చేశాక కొన్నాళ్లు పచ్చబడుతుంది. ఆ తర్వాత వచ్చే చిగురు మళ్లీ పాలిపోయే వస్తుంది. నిజానికి ఆ మొక్కకి ఇనుము కొరత లేదు. డ్రిప్ నీళ్లతో రోజూ వెళ్తూనే ఉంది. కాకపోతే వేరు చుట్టూ పీహెచ్ ఏడు దాటిపోయింది. ఇనుము అక్కడే ఉన్నా కరగని రూపంలోకి మారి, వేరుకి అందడం లేదు.

రైతు తొట్టిలో పీహెచ్ చూసుకోలేదా అంటే, చూసుకున్నాడు. 5.8 ఉంది. చిక్కంతా అక్కడే వస్తుంది. తొట్టిలో కొలిచిన అంకె వేరు దగ్గరికి వెళ్లేసరికి అదే అంకెగా ఉండదు, కొబ్బరి పొట్టులో అసలే ఉండదు.

పీహెచ్ అనే కొలతని 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్ సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. ఆయన పనిచేసింది కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో. 7 కంటే తగ్గితే పులుపు గుణం, పెరిగితే క్షార గుణం అని బడిలో చదువుకున్నదే. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, ఈ మెట్లు సమానమైనవి కావు. 6 నుంచి 5కి దిగితే ఆమ్లత్వం పది రెట్లవుతుంది, 4కి దిగితే వంద రెట్లు. కాబట్టి 5.8కి, 6.8కి తేడా ఒక్క అంకే కదా అని వదిలేయడానికి వీల్లేదు. నేలలో పండే పంటకి 6.5, 7 దగ్గర పెద్ద ఇబ్బంది ఉండదు. మట్టి లేని సాగులో మాత్రం వేరు చుట్టూ 5.5 నుంచి 6.2 మధ్య ఉంటేనే ఇనుము, మాంగనీసు, జింకు, భాస్వరం అన్నీ కలిసి అందుతాయి. బాగా కిందికి దిగితే మాంగనీసు అతిగా వెళ్లి విషమవుతుంది, కాల్షియం, మెగ్నీషియం అందడం కష్టమవుతుంది.

ఇంతకీ ఈ పొట్టు ఎక్కడిది? కోనసీమలో కొబ్బరికాయ ఒలిచాక మిగిలే డొక్కలో పీచు మూడో వంతు దాకా ఉంటుంది, మిగతాదంతా పొట్టే. పీచు తాళ్లకి, పరుపులకి, కాళ్ల పట్టాలకి పోయేది. పొట్టు మాత్రం పీచు మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండేది. అందులో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు. వానకి తడిసి, ఎండకి ఎండి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేది. ఆ త్వరగా కుళ్లని గుణమే తర్వాత దానికి గిరాకీ తెచ్చింది. తన బరువుకి ఏడెనిమిది రెట్లు నీళ్లు పట్టుకుని కూడా వేరుకి గాలి ఆడనిచ్చే సరుకు అరుదు. తమిళనాడులోని పొల్లాచ్చి ఈ వ్యాపారానికి పెద్ద కేంద్రమయింది. ఆరబెట్టి, యంత్రంలో నొక్కి, 5 కిలోల ఇటుకలుగా చేస్తారు. ఒక్కో ఇటుక నీళ్లు తాగితే 70 లీటర్ల పైన పొట్టవుతుంది. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో చిత్తడి నేలల నుంచి తవ్వే పీట్‌కి బదులుగా వాడడం మొదలైంది. పీట్ సహజంగా పుల్లనిది, పీహెచ్ 4 దగ్గర ఉంటుంది, సున్నం కలపందే పనికిరాదు. కొబ్బరి పొట్టు సహజంగానే 5.5, 6.5 మధ్య ఉంటుంది. ఇంక దీనికి ఏమీ చేయనక్కర్లేదన్న భ్రమ ఇక్కడే పుట్టింది.

పొట్టు రేణువుల మీద విద్యుదావేశం ఉన్న చోట్లు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిని ఆర్టీసీ బస్సులో సీట్లనుకోవచ్చు. డిపోలోనే పొటాషియం, సోడియం ఎక్కి కూర్చున్నాయి. కొబ్బరి డొక్కలో పొటాషియం సహజంగానే ఎక్కువ. ఉప్పుటేరుల్లో, కేరళ బ్యాక్‌వాటర్లలో నానబెట్టిన డొక్కైతే సోడియం, క్లోరైడు కూడా తోడవుతాయి. రైతు డ్రిప్‌లో కాల్షియం, మెగ్నీషియం పంపితే అవి రెండు రెట్లు బలంతో వచ్చి ఆ సీట్లు లాక్కుంటాయి, దిగిన పొటాషియం నీళ్లలోకి వస్తుంది. ఫలితంగా మొక్కకని పంపిన కాల్షియం పొట్టులోనే ఆగిపోతుంది, అడగని పొటాషియం అదనంగా అందుతుంది. టమాటాలో కాయ అడుగు నల్లబడి కుళ్లడం, ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు రావడం పంట తొలి దశలోనే కనిపిస్తే, ఎరువు తక్కువైందనే ముందు పొట్టుని అనుమానించాలి.

దీనికి మందు నాటక ముందే వేయాలి. పొట్టుని మంచినీళ్లతో కడిగితే కరిగిన ఉప్పు పోతుంది గాని, సీట్లలో కూర్చున్నది కదలదు. దాన్ని కదిలించడానికి కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక పగలూ రాత్రీ నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడగాలి. సంచి మీద 'బఫర్డ్' అని రాసి ఉంటే ఈ పని చేశారని అర్థం. 'వాష్డ్' అని మాత్రమే ఉంటే ఉప్పు కడిగారు, అంతే. రెండింటి ధరల్లో తేడా ఉంటుంది, అది ఊరికే వచ్చిన తేడా కాదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ పొట్టుని సూక్ష్మజీవులతో పులియబెట్టి నారుకి పనికొచ్చేలా చేసే పద్ధతిని 'అర్క ఫర్మెంటెడ్ కోకోపీట్' పేరుతో తెచ్చింది. అది వేరే దారి.

ఈ కాల్షియం గొడవని ప్రపంచమంతా గంజాయి పెంపకందార్లు ఎక్కువగా చర్చిస్తారంటే కొందరికి వింతగా ఉండొచ్చు. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి వైద్యానికి కాని గంజాయి సాగు, అమ్మకం కూడా లైసెన్సుతో చట్టబద్ధమయ్యాయి. ఆంటారియోలో లెమింగ్టన్ చుట్టూ టమాటా, క్యాప్సికం పండే గ్రీన్‌హౌస్‌లలో కొన్ని ఆ పంటకి మారాయి. అక్కడి గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లోనే కొబ్బరి పొట్టు ఆధారంగా తయారైన రెండు రకాల మాధ్యమాల్లో గంజాయికి ఎంత ఎరువు కావాలో తేల్చి రెండు పత్రాలు ప్రచురించారు. ఆకు పెరిగే దశకి లీటరుకి 389 మిల్లీగ్రాముల నత్రజనిని సేంద్రియ ఎరువు రూపంలో ఇస్తే సరిపోయిందని వాళ్ల లెక్క. అక్కడి దుకాణాల్లో 'కాల్‌మాగ్' అని ఒక సీసా అమ్ముతారు. అందులో ఉండేది కాల్షియం, మెగ్నీషియం, కాస్త నత్రజని. పొట్టుని సరిగ్గా బఫర్ చేయకుండా నాటిన చోటల్లా ఆ సీసాకి గిరాకీ. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సు లేని గంజాయి సాగు నేరం కాబట్టి ఆ పంట ఊసు ఇక్కడితో చాలు. రసాయనం మాత్రం ఏ పంటకైనా ఒక్కటే. గంజాయికి చెప్పే 5.8, 6.2 అంకెలూ, క్యాప్సికానికి చెప్పే అంకెలూ పక్కపక్కనే ఉంటాయి.

పొట్టు బాగున్నా పీహెచ్ పైకి ఎగబాకడానికి తెలుగు నేల మీద అన్నిటికంటే పెద్ద కారణం బోరు నీళ్లు. రాయలసీమలోను, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోను బోర్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లగా గార కట్టిందంటే అదే సంకేతం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నీటి పీహెచ్ చూస్తే బైకార్బొనేట్ ఎంతుందో తెలియదు. రెండు బోర్లలోనూ పీహెచ్ 7.8 ఉండొచ్చు. ఒకదానిలో లీటరుకి 60 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉంటే, రెండోదానిలో 366 ఉండొచ్చు. మొదటి నీళ్లు కాస్త ఆమ్లం తగలగానే దిగొస్తాయి. రెండోవి దిగవు. దిగినట్టు కనిపించినా, ఆమ్లం చాలకపోతే వేరు దగ్గర పోగుపడి మళ్లీ పైకి లేస్తాయి.

లెక్క చూద్దాం. 61 మిల్లీగ్రాముల బైకార్బొనేట్‌ని ఒక మిల్లీ ఈక్వివలెంట్ అంటారు. 366 అంటే ఆరు. పీహెచ్ మరీ ఊగిసలాడకుండా ఒకటి వదిలేసి, ఐదింటిని ఆమ్లంతో తుంచేయాలి. వెయ్యి లీటర్ల తొట్టికి 60 శాతం నైట్రిక్ ఆమ్లం దాదాపు 385 మిల్లీలీటర్లు పడుతుంది. అంతటితో కథ అయిపోదు. ఆ ఆమ్లంతోపాటు లీటరుకి 70 మిల్లీగ్రాముల నత్రజని నీళ్లలో చేరుతుంది. మొక్కకి మొత్తం 150, 180 మిల్లీగ్రాములు ఇద్దామనుకున్న రైతు ఈ 70ని లెక్కలోంచి తీసేయకపోతే ఆకు దట్టంగా పెరుగుతుంది, కాపు తగ్గుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం వాడొచ్చు గాని, ఆ పని మొత్తం దానితోనే చేయిస్తే భాస్వరం అవసరానికి మించి ఎన్నో రెట్లవుతుంది. అందుకే చాలామంది భాస్వరం ఎంత కావాలో అంతవరకు ఫాస్ఫారిక్, మిగతాది నైట్రిక్ పెట్టుకుంటారు. ఈ లెక్కంతా నీటి పరీక్ష కాగితం చేతిలో ఉంటేనే సాధ్యం. ఎరువుల మీద వేలు పోసే రైతు నీటి పరీక్షకి కొన్ని వందలు పెట్టడానికి వెనకాడడం పాలీహౌస్‌లలో తరచూ కనిపించే దృశ్యం, అర్థం కాని దృశ్యం కూడా.

ఆమ్లం దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా నైట్రిక్ డబ్బా మూత తీయకూడదు. ముందు పది లీటర్ల బకెట్‌లో నాలుగు మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టి, కలిపి, బుడగలు తగ్గేదాకా ఆగి కొలిచి, అప్పుడు తొట్టికి వెళ్లాలి. ఆ బుడగలు బైకార్బొనేట్ కార్బన్ డయాక్సైడుగా మారి బయటికి పోతున్నవి. అవి పూర్తిగా పోకముందే కొలిస్తే పీహెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. తెల్లారి చూస్తే అరమెట్టు పైకి లేచి ఉంటుంది.

నీళ్లు సరిచేశాక కూడా వేరు ఊరుకోదు. నత్రజనిని నైట్రేట్ రూపంలో తీసుకున్నప్పుడు వేరు బైకార్బొనేట్‌ని బయటికి వదులుతుంది, చుట్టూ పీహెచ్ పెరుగుతుంది. అమ్మోనియం రూపంలో తీసుకున్నప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది, పీహెచ్ తగ్గుతుంది. ఏ ఎరువు సంచిలో ఏ రూపం ఉందో దాని వెనక అచ్చేసే ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. కాల్షియం నైట్రేట్‌లో దాదాపు మొత్తం నైట్రేటే. 13-0-45 పూర్తిగా నైట్రేట్. 12-61-0లో ఉన్న పన్నెండు శాతం నత్రజనీ అమ్మోనియమే. మన ఊళ్లలో విరివిగా వాడే 19-19-19 సంగతి వేరు. అందులో సగం పైన నత్రజని యూరియా రూపంలో ఉంటుంది. నేలలో యూరియాని మార్చే సూక్ష్మజీవులు కోకొల్లలు, కాబట్టి చెల్లిపోతుంది. కొత్త పొట్టులో అవి చాలా తక్కువ. ఎప్పుడు అమ్మోనియంగా మారుతుందో, దాంతో పీహెచ్ ఎటు వెళ్తుందో చెప్పలేం. నేల పంటకి బాగా పనిచేసిన ఎరువు పొట్టులో ఎందుకు దెబ్బతీస్తుందని అడిగేవాళ్లకి జవాబు ఆ సంచి వెనకే ఉంది.

పొట్టు సాగులో మొత్తం నత్రజనిలో అయిదు నుంచి పది శాతం అమ్మోనియం ఉంచుకోవడం ఆనవాయితీ. పీహెచ్ పైకి పోతుంటే ఆ వాటాని కాస్త పెంచుతారు, కిందికి జారుతుంటే పూర్తిగా తీసేస్తారు. ఎడాపెడా పెంచితే ఇంకో చిక్కు. అమ్మోనియం కాల్షియంతో పోటీ పడుతుంది, కాయ అడుగు కుళ్లు తిరిగొస్తుంది. మొక్క వయసు కూడా ఇందులో జోక్యం చేసుకుంటుంది. ఆకు, కొమ్మ జోరుగా పెరిగే రోజుల్లో నైట్రేట్ ఎక్కువ లాగుతుంది కాబట్టి పీహెచ్ పెరుగుతుంది. కాపు నిండుగా పట్టిన టమాటా పొటాషియం విపరీతంగా లాగుతుంది, అప్పుడు పీహెచ్ జారుతుంది. ఒకే తోట, ఒకే ఎరువు, రెండు నెలల తేడాలో రెండు ఎదురు దిక్కులు.

ఇదంతా కంటికి కనిపించేది గ్రో బ్యాగ్ అడుగున. డ్రెయిన్ రంధ్రం కింద ఒక ప్లాస్టిక్ పళ్లెం పెట్టి, రోజు మధ్యలో ఒక తడి ఇచ్చి, కారిన నీళ్లు పట్టాలి. ఇచ్చిన నీళ్లలో అయిదో వంతు దాకా కిందికి కారడం మామూలు. లేత టీ రంగులో ఉంటాయవి. పక్కనే డ్రిప్పర్ తీసి ఒక గ్లాసులో పెట్టి, వెళ్తున్న నీళ్లు కూడా పట్టాలి. రెండింటికీ పీహెచ్, ఈసీ (కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పే విద్యుత్ వాహకత) కొలిచి నోటు పుస్తకంలో పక్కపక్కన రాయాలి. వెళ్లేది 5.8, వచ్చేది 6.2 అయితే నిశ్చింతగా ఉండొచ్చు. వచ్చేది 6.8 అయితే బైకార్బొనేట్‌ని అనుమానించాలి, అది సరిగ్గా ఉంటే అమ్మోనియం వాటా చూడాలి. వచ్చేది 5 కంటే తక్కువైతే అమ్మోనియం తగ్గించాలి, వేళ్లు బ్రౌన్ రంగుకి తిరిగాయేమో సంచి పక్కన చిన్న కోత పెట్టి చూడాలి. ఒక్క సంచి చూసి తీర్పు చెప్పకూడదు. లైన్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, మధ్యలో ఒకటి పట్టాలి. ఒక్కరోజు అంకె కంటే వారం అంతా ఎటు నడుస్తోందన్నదే ఎక్కువ చెబుతుంది. ఒకరోజు 6.6 కనిపించిందని తొట్టి నీళ్లు 5కి దించేవాళ్లున్నారు. వేళ్లకి ఆ కుదుపు 6.6 కంటే చేటు.

అంకె తప్పయితే పుస్తకమంతా తప్పే. పెన్నులా ఉండే పీహెచ్ మీటర్ కొనలో గాజు బుడ్డి ఉంటుంది, అది ఎండిపోతే పని అయిపోయినట్టే. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కాకుండా పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో తడిగా ఉంచాలి. పీహెచ్ 7, 4 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో తరచూ సరిచూడాలి. ఈ పరికరానికి వ్యవసాయంతో మొదటి నుంచీ చుట్టరికం ఉంది. 1934లో కాలిఫోర్నియా పండ్ల రైతుల సహకార సంఘంలో నిమ్మరసం పులుపు కొలవడానికి తంటాలు పడుతున్న మిత్రుడొకరు అడిగితేనే ఆర్నాల్డ్ బెక్‌మన్ ఎలక్ట్రానిక్ మీటర్‌ని తయారుచేశారు. ఇప్పుడది జేబులో పట్టేంతయింది.

ఇనుము విషయం మిగిలిపోయింది. పీహెచ్ దించేలోగా పంట పోతుందనుకుంటే, ఇనుముని కరిగిన రూపంలో పట్టి ఉంచే కీలేట్ రకం మార్చొచ్చు. ఈడీటీఏ ఇనుము 6.5 దాటితే నిలవదు. డీటీపీఏ 7 దాకా నెట్టుకొస్తుంది. ముదురు ఎరుపు రంగులో ఉండే ఈడీడీహెచ్ఏ 9 దగ్గర కూడా విడిపోదు, ఖరీదు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని ఏడాది పొడుగునా వాడడం కంటే నీళ్లు బాగుచేసుకోవడం చవక.

మదనపల్లె వైపు టమాటా నారు, గుంటూరు వైపు మిరప నారు పెంచే ప్రోట్రే నర్సరీలకి ఇంత లోతు అక్కర్లేదు. ట్రేలో నారు నాలుగైదు వారాలే ఉంటుంది. ఒక్కో గుంతలో పిడికెడు పొట్టు కూడా పట్టదు కాబట్టి ఏ తప్పైనా త్వరగా బయటపడుతుంది. బఫర్ చేసిన పొట్టు, ఆమ్లంతో సరిచేసిన నీళ్లు, ఈ రెండూ ఉంటే సరిపోతుంది.

పాలీహౌస్ రైతుకి మాత్రం వానాకాలం ఇంకో పని పెడుతుంది. మే నెలలో అడుగంటిన బోరు నీటికి లెక్కగట్టిన ఆమ్లం, సెప్టెంబర్‌లో ఊటలు నిండాక అదే మోతాదులో పోస్తే ఎక్కువవుతుంది. పైకప్పు మీద పడ్డ వాన నీటిని గుంటలోకి పట్టుకుని కలిపేవాళ్లకైతే ఇంకా ఎక్కువ. వాన నీటిలో బైకార్బొనేట్ దాదాపు ఉండదు, ఆమ్లాన్ని అడ్డుకునేదేమీ ఉండదు. ఆమ్లాన్ని నీళ్లలోకి లాగే వెంచురి పాత లెక్కలోనే నడుస్తుంటే తొట్టి పీహెచ్ 4 దగ్గరికి దిగిపోగలదు. అందుకే నీటి నమూనా ఏడాదికి రెండుసార్లు, వేసవి చివర ఒకటి, వానలయ్యాక ఒకటి పంపాలి. గుంట నీళ్లు కలిపే వాటా మారిన ప్రతిసారీ బకెట్ పరీక్ష మళ్లీ చేసి, ఆమ్లం మోతాదు కొత్తగా కట్టాలి.